ఐదో గడి

మూడో గడి దగ్గర మేనేజరు పెన్నుకి మూత పెట్టేశాడు.

బల్ల మీద ఉన్నది ప్రమాదం జరిగినప్పుడు నింపే ఫారం. ఒకటే పేజీ. పైన తేదీ, షిఫ్టు, మిషను నంబరు. దాని కింద వరసగా ఐదు గళ్ళు. ప్రతి గడికీ ఒకటే ప్రశ్న, ఎందుకు? ఏ తప్పునైనా ఎందుకు, ఎందుకు అని ఐదుసార్లు తవ్వితే అసలు కారణం బయటపడుతుందని మేనేజరు ఎక్కడో మూడురోజుల శిక్షణకి వెళ్ళి నేర్చుకొచ్చాడు. నేర్చుకున్నవాడు ఊరుకోకుండా ఆ ముక్కని లాండ్రీ గోడల నిండా అంటించాడు. క్యాంటీన్లో చేతులు కడుక్కునే చోట కూడా ఒకటుంది.

"మూడు చాలండి. మిగతా రెండిటికీ అడ్డగీత కొట్టెయ్యండి," అన్నాడు.

ఎదురుగా నిలబడి ఉన్న ఆమెకి ఆఫీసులో ఒక్కపేజీ అని పేరు. ఎంత పెద్ద రభసనైనా, ఎంత లావు ఫైలునైనా ఒక్క పేజీలోకి దించేస్తుందని అలా పిలిచేవాళ్ళు. మొదట్లో చాటుగా అనుకునేవాళ్ళు, తర్వాత ఎదుటే అనడం మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే ఆ పేరు ఆమెకి ఇష్టమే. మంచి రిపోర్టు రాసినందుకు హెడ్డాఫీసు రెండేళ్ళు వరసగా ఇచ్చిన గాజు షీల్డులు ఆమె బల్ల మీద, గాలికి కాగితాలు ఎగరకుండా బరువుగా పనికొస్తున్నాయి.

ఆమె ఫారం తన వైపు తిప్పుకుని చూసింది. ఉద్యోగినికి గాయం ఎందుకైంది? రోలరు తగిలింది కనుక. ఎందుకు తగిలింది? మిషను ఆపకుండా దుప్పటి సరిచేయబోయింది కనుక. ఎందుకు సరిచేయబోయింది? సొంత నిర్లక్ష్యం.

నిన్న మధ్యాహ్నం షిఫ్టు మారిన ఇరవై నిమిషాలకి ఇస్త్రీ రోలరు కింద మడతలావిడ కుడిచెయ్యి పడింది. ఆ లాండ్రీలో ఆసుపత్రుల దుప్పట్లు ఉతుకుతారు. రోజుకి వేలల్లో వస్తాయి. పదకొండేళ్ళుగా ఆ దుప్పట్లని రోలరులోకి వదిలి, అవతల మడతపెట్టి పంపిన మనిషి ఆమె. ఆమె మడత అంచుకి అంచు కలిసి ఉంటుంది కనకే ఆ పేరు. రాత్రికల్లా ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. నలిగిన ఇంకో రెండూ ఉంటాయో లేదో వారం దాటితే గాని చెప్పలేమన్నారు.

"సొంత నిర్లక్ష్యం అని పడితే ఆవిణ్ణి మళ్ళీ పనిలోకి తీసుకోరు కదా సార్," అంది ఒక్కపేజీ.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. రూలు తను పెట్టింది కాదన్నాడు. గురువారం పదకొండింటికి హెడ్డాఫీసు నుంచి సేఫ్టీ ఆఫీసరు వస్తోందనీ, ఆవిడకి మొదటి పేజీ దాటి చదివే తీరిక ఉండదనీ, ఆసుపత్రులవాళ్ళ చెవిన పడకముందే ఈ గొడవ చల్లబడాలనీ అన్నాడు. ఆఖర్న నవ్వాడు. "మీ చేతిలో పడితే ఎంత మంటైనా చల్లారిపోతుంది. అందుకేగా మీకిచ్చేది."

ఇంకో రోజైతే ఆ మాటకి పొంగిపోయేది. ఇవాళ ఒళ్ళు మండింది. ఆ మంటలో ఆమెకి పాత ఫారాలు గుర్తొచ్చాయి. సబ్బుద్రావణం కంట్లో చిమ్మిన కుర్రది, నిర్లక్ష్యం. తడినేల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్న ముసలాయన, నిర్లక్ష్యం. ఒక్క ఫారమైనా మూడో గడి దాటలేదు. ఎందుకు, ఎందుకు అని తవ్వుకుంటూ పోయి పనిచేసేవాడి కాళ్ళ దగ్గర సరిగ్గా పార ఆపేస్తారు. ఇంకో రెండు పోట్లు పొడిస్తే ఈ గది నేల లేస్తుందని వాళ్ళకి తెలుసు. అన్నీ తన దస్తూరీయే. అది కూడా గుర్తొచ్చింది, కానీ కోపంలో దాని మీద నిలవలేదు.

ఫారం తీసుకుని బయటికొచ్చింది.

రోలరు హాల్లోకి వెళితే ఆవిరి మొహానికి కొట్టింది. మిషను అప్పుడే నడుస్తోంది. నిన్న ఒక మనిషి వేళ్ళు మింగిన మిషను ఇవాళ పొద్దున్న ఆరింటికల్లా తుడుచుకుని పనిలో పడింది. మడతలావిడ చోట ఇంకో అమ్మాయి నిలబడి దుప్పటి అంచుని రెండు చేతులా పట్టి లోపలికి వదులుతోంది. వదిలిన ప్రతిసారీ చేతులు చటుక్కున గుండెల దగ్గరికి లాక్కుంటోంది.

రోలరు ముందు అడ్డంగా, మోచేతి ఎత్తులో ఒక సన్నని కడ్డీ ఉంది. దాన్ని గార్డు అంటారు. వేలు కొస తగిలినా మిషను టక్కున ఆగిపోవాలి. ఒక్కపేజీ చూపుడువేలితో కడ్డీని తోసింది. రోలరు ఆగింది. హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతే ఆడవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"పనిచేస్తోందే," అంది ఒక్కపేజీ. "మరి నిన్న?"

సూపర్‌వైజరు తలుపు దగ్గర నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు. ఫోను మోగి అతను బయటికి వెళ్ళాక, మడతలు పెట్టే బల్ల దగ్గరున్న బొద్దుగా ఉన్నావిడ చేతిలో పని ఆపకుండానే చెప్పింది. "అది నిన్న సాయంత్రం దించారక్కా. అంబులెన్సు వెళ్ళాక. నాలుగు నెలలుగా పైకెత్తి తీగతో కట్టేసి ఉంది."

ఒక్కపేజీ వంగి చూసింది. కడ్డీకి రెండు చివర్లా రంగు లేచిపోయి, తీగ ఒరుసుకున్న చోట వేలెడు మేర ఇనుము మెరుస్తోంది.

ఫిట్టరు గది మెట్ల కింద ఉంది. నలభై ఏళ్ళు మిషన్ల మధ్య బతికిన మనిషి కాబట్టి మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. ఇవాళ మాత్రం గొంతు బయటికి రావడం లేదు. చలికాలం కంబళ్ళ కాంట్రాక్టు వచ్చిందనీ, కంబళి మందం వల్ల గార్డుకి తగిలి మిషను మాటిమాటికీ ఆగేదనీ, మేనేజరు హాల్లోకొచ్చి ఈ కడ్డీ సంగతి చూడవయ్యా అన్నాడనీ చెప్పాడు. కాగితం ఇమ్మంటే, తీగముక్కకి కూడా కాగితమేనా అని నవ్వాడట. ఫిట్టరు కట్టాడు. కట్టి ఊరుకోలేదు.

నూనె మరకల లాగ్‌బుక్కు తీసి ఆమె ముందు పెట్టాడు. నెలాఖరున రాసే పేజీలు వరసగా తిప్పాడు. వంకర అక్షరాలు, పెన్సిలు గట్టిగా ఒత్తి రాసినవి. 'రోలరు గార్డు తీగతో కట్టి ఉంది. చెయ్యి పడితే పోతుంది. విప్పాలి.' తర్వాతి నెల కూడా అదే. ఆ తర్వాత కూడా. నాలుగోసారి కింద రెండు గీతలు కొట్టాడు.

"నేను రాశానమ్మా. నెలనెలా రాశాను. పైకి పోయిందో లేదో మరి మీకే తెలియాలి."

పైకి పోకుండా ఎవరు తొక్కిపెట్టారో ఆమెకి చెప్పక్కర్లేదు. ఆ నవ్వే మొహం కళ్ళ ముందు మెదిలింది. లాగ్‌బుక్కు అడిగి సంచిలో వేసుకుంది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది, ఇన్నాళ్ళకి ఆ మనిషి దొరికాడన్న కసితో.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళింది. మడతలావిడ గోడ పక్క మంచం మీద ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టుకట్టి దిండు మీద ఎత్తిపెట్టారు. పక్కన కూతురు స్టూలు మీద కూర్చుని ఉంది, దుకాణంలో బిల్లింగు కౌంటరు యూనిఫాం ఇంకా విప్పలేదు.

"ఈ దుప్పటి చూశావా అమ్మాయ్," అంది మడతలావిడ పలకరింపు కూడా లేకుండా. "మనదే. పైగా నేను మడిచిందే. ఇందాక నర్సు పరుస్తుంటే గుర్తుపట్టాను." ఎడమచేత్తో పక్కన వేలాడుతున్న అంచుని పరుపు కిందికి దోపబోయింది. ఎడమచెయ్యి మాట వినలేదు. అంచు మళ్ళీ జారింది. మళ్ళీ దోపింది.

ఏం జరిగిందని అడిగితే మామూలుగానే చెప్పింది. దుప్పటి మూల ముడుచుకుంటే సవరించింది, రోజుకి వందసార్లు చేసే పనే. కడ్డీ ఉన్న రోజుల్లో అయితే వేలు తగలగానే మిషను ఆగేది, సూపర్‌వైజరు తిట్టేవాడు, మళ్ళీ మొదలెట్టేవాళ్ళు. ఆ తిట్లే బాగున్నాయంది.

"పొద్దున్న మీ సూపర్‌వైజరు వచ్చాడు. తప్పు నాదేనని రాసివ్వమన్నాడు. రాస్తానయ్యా, చెయ్యి మొలిచాక రాస్తాను అన్నాను." తన మాటకి తనే నవ్వబోయి, కట్టు కదిలి మొహం చిట్లించింది.

కూతురు నవ్వలేదు. ఇందాకటి నుంచి ఒక్కపేజీ మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డునే చూస్తోంది. "రిపోర్టు రాసేది మీరేనా?" అని అడిగింది. అవునంది. "మా అమ్మ నిర్లక్ష్యపు మనిషా?" కాదంది. "అయితే ఆ ముక్క రాయండి. ఇక్కడ నాతో అంటే ఏం లాభం."

ఆ మాట సూటిగా తగిలింది. రాస్తానని మాటిచ్చి లేచింది. లేచేటప్పుడు మడతలావిడ జారిన అంచు చూపించి, కాస్త అది లోపలికి దోపి వెళ్ళమంది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కూరగాయలు తరుగుతోంది. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసింది, ఇప్పుడు అక్షరం ఉన్న కాగితం ఏది కనిపించినా చదవకుండా వదలదు. మందుల చీటీల వెనకాల సన్న అక్షరాలు కూడా వదలదు. కోడలు బల్ల మీద పడేసిన ఫారం కళ్ళజోడు పెట్టుకుని చదివింది. కిందా పైనా చూసింది. వెనక్కి తిప్పి చూసింది.

"ఏదో ప్రమాదం అన్నావు. ఉద్యోగినికి గాయం అని ఉంది. ఇందులో చెయ్యి ఎక్కడుందే?" అంది.

ఒక్కపేజీ ఆ కాగితం లాక్కుని అడ్డంగా చింపేసింది. ఇంట్లో ఆమె అలా చెయ్యడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. సంచిలోంచి ఖాళీ ఫారం తీసి, ఉల్లిపాయ తొక్కలు పక్కకి నెట్టి అక్కడే కూర్చుని రాసింది. మూడో గడిలో, వేళ్ళు వెళ్ళినా మిషను ఎందుకు ఆగలేదు, గార్డు తీగతో కట్టేసి ఉంది. నాలుగో గడిలో, ఎందుకు కట్టారు, మేనేజరు నోటిమాట మీద. ఐదో గడిలో, ఎందుకు విప్పలేదు, ఫిట్టరు నాలుగు నెలలు హెచ్చరించినా మేనేజరు తొక్కిపెట్టాడు. ఆఖరి అక్షరం దగ్గర పెన్ను కాగితంలోకి దిగబడింది. బదిలీ చేస్తే చెయ్యనీ అంది అత్తగారితో. ఉద్యోగం పీకితే పీకనీ అంది. అత్తగారు ఆ కాగితం కూడా మొత్తం చదివి, ఇందులో తీగ ఉంది, వేళ్ళూ ఉన్నాయి అని, మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది.

బుధవారం పొద్దున్నే ఆ కాగితం తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టింది. లాగ్‌బుక్కు దాని పక్కన పెట్టింది. కేకలేస్తాడనుకుంది. అతను వెయ్యలేదు. నిమ్మకు నీరెత్తినట్టు మొత్తం చదివాడు, లాగ్‌బుక్కులో నాలుగు పేజీలూ చూశాడు. తర్వాత కుడివైపు సొరుగు లాగి, పలచని ఫైలొకటి తీసి ఆమె వైపు తిప్పి పెట్టాడు. ముందే సిద్ధం చేసుకుని ఉన్నాడు.

"ఫిట్టరు పుస్తకం నా దగ్గరికి రాదు. మీ దగ్గరికి వస్తుంది. మీరు అది చూసి నెల రిపోర్టు రాస్తారు, నేను సంతకం పెట్టి పైకి పంపుతాను. అవేగా ఈ నాలుగూ. ఇందులో గార్డు అనే మాట ఎక్కడుందో చూపించండి."

ఒక్కపేజీ ఫైలు దగ్గరికి లాక్కుంది. మొదటి నెల. తను టైపు చేసిన పేజీ, తను ఎంచుకున్న అక్షరాలు, చూడముచ్చటైన మార్జిన్లు. 'రోలరు వద్ద చిన్నపాటి సర్దుబాటు జరిగింది. కంబళ్ళ పని అంతరాయం లేకుండా సాగుతోంది.' రెండో నెల. 'రోలరు వద్ద సర్దుబాటు కొనసాగుతోంది.' మూడో నెలలో ఆ వాక్యమే లేదు. నాలుగో నెలలో కూడా లేదు. ఆ చోట కంబళ్ళ సంఖ్య పెరిగినట్టు చిన్న పట్టిక ఉంది.

ఎన్నో వాక్యాల్లో ఒకటిగా చదివి మరిచిపోయిన మూడో నెల ఆమెకి ఇప్పుడు బాగా గుర్తొచ్చింది. రిపోర్టు రెండో పేజీలోకి ఒకటిన్నర లైను పొంగింది. అక్షరం సైజు తగ్గించకూడదు, అది తన నియమం. ఏ వాక్యం తీసేస్తే నష్టం లేదో అని పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, ఇదొకటి పోయిన నెలా చెప్పిందే కదా అని కొట్టేసింది. పేజీ సరిగ్గా ఆఖరి గీత మీద ఆగింది. ఆ రోజు టీ తాగుతూ దాన్ని తృప్తిగా చూసుకుంది కూడా. చెయ్యి పడితే పోతుంది అన్న మాట మొదటి నెలలోనే, మరీ మొరటుగా ఉందని తీసేసింది. కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు, ఫిట్టరు భాషని ఆఫీసు భాషలోకి ఎలా మార్చాలో చూపించడానికి ఆ వాక్యాన్నే వాడుకుంది. అందరూ రాసుకున్నారు.

అతను తొక్కిపెట్టలేదు. అతనికి ఆ అవసరమే రాలేదు.

"నేను కట్టమని కూడా అనలేదు. సంగతి చూడమన్నాను," అన్నాడు మేనేజరు. గొంతులో కోపం లేదు, ఇంచుమించు ఓదారుస్తున్నట్టే ఉంది. "మీరు చాలా మంచి రిపోర్టులు రాస్తారు. ఇప్పుడూ చెడగొట్టుకోకండి. మీకు నాలుగో గడి నింపాలని అంత పట్టుదలగా ఉంటే నింపండి. అనుమతి లేకుండా గార్డు కట్టేసింది ఫిట్టరు. ఆయన చేతిరాతతోనే ఉంది. వచ్చే ఏడు ఎలాగూ రిటైరవుతాడు."

ఆమె రాసిన కాగితం మడిచి లాగ్‌బుక్కులో పెట్టి వెనక్కిచ్చాడు. రేపు పదిన్నరకి మంచి కాపీ తెమ్మన్నాడు.

ఆ రోజు మిగతా పూటంతా ఆమె ఏ పనీ చెయ్యలేదు. సీట్లో కూర్చుని గాజు షీల్డుల వంక చూస్తూ ఉండిపోయింది. కోపం పోలేదు. పోతే బాగుండేది. నిన్నటి దాకా ఆ కోపానికి ఒక మనిషి ఉన్నాడు, ఒక కుర్చీ ఉంది, తిట్టుకోవడం సుళువుగా ఉండేది. ఇప్పుడది తిరిగొచ్చి తన మీదే పడింది. తన మీద పడింది కదా అని అవతలివాడి మీద తగ్గనూ లేదు. నోటిమాటతో పని చేయించుకుని కాగితం మీద చేతులు దులుపుకునేవాడికి తనలాంటిది ఒకతె ఉండాలి. పన్నెండేళ్ళుగా ఆ ఒకతె తనే. వాళ్ళు చెప్పకముందే వాళ్ళకి ఏది నచ్చదో కనిపెట్టి కొట్టేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు మెట్ల కింద గదికి వెళ్ళి ఫిట్టరుకి ఉన్నదున్నట్టు చెప్పింది. మీరు రాసింది పైకి పోలేదు, ఆపింది మేనేజరు కాదు, నేను. పేజీ సరిపోలేదని తీసేశాను. ఫిట్టరు చాలాసేపు గుడ్డతో స్పానరు తుడుస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

"నేనింకా మీరు బాగా రాస్తారు కదా, ఇంకా గట్టిగా రాసుంటారనుకున్నానమ్మా," అన్నాడు. అరిచి ఉంటే నయంగా ఉండేది.

గురువారం పదిన్నరకి ఆమె మేనేజరు గదికి వెళ్ళలేదు. అతను రెండుసార్లు కబురు పెట్టాడు. పదకొండుకి మీటింగు గదిలోకి వెళ్ళేసరికి సేఫ్టీ ఆఫీసరు వచ్చి కూర్చుని ఉంది. నడివయసు మనిషి, సన్నగా ఉంది, జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ రుమాలు తీస్తోంది. మేనేజరు, సూపర్‌వైజరు అటూ ఇటూ ఉన్నారు. ఫిట్టరుని పిలిచి తలుపు పక్క నిలబెట్టారు. కూర్చోమని ఎవరూ అనలేదు.

మేనేజరు కాగితం కోసం చెయ్యి చాపాడు. ఒక్కపేజీ ఆ చేతిని దాటి వెళ్ళి ఆఫీసరు ముందు పెట్టింది. ఫారం, దాని వెనక లాగ్‌బుక్కు నాలుగు పేజీల నకళ్ళు, వాటి వెనక తను రాసిన నాలుగు రిపోర్టులు. అన్నీ కలిపి తొమ్మిది పేజీలు.

"అది నేనింకా చూడలేదండి," అన్నాడు మేనేజరు. "నా సంతకం కూడా లేదు."

"రాసినవాళ్ళ సంతకం ఉందిగా," అంది ఆఫీసరు. అప్పటికే చదవడం మొదలుపెట్టింది.

మొదటి గడి, మడతలావిడ కుడిచెయ్యి రోలరు కింద పడింది, రెండు వేళ్ళు పోయాయి. రెండో గడి, ముడుచుకున్న దుప్పటి మూల సవరించబోయింది, అది ఆమె రోజూ చేసే పని. మూడో గడి, మిషను ఆగలేదు, ఆపవలసిన గార్డుని తీగతో కట్టేశారు, కంబళ్ళ కోసం మేనేజరు నోటితో చెబితే కట్టానని ఫిట్టరు అంటున్నాడు, కాగితం లేదు. నాలుగో గడి, ప్రమాదమని ఫిట్టరు నాలుగు నెలలు రాసినా ఎవరూ విప్పించలేదు, ఎందుకంటే ఆ మాట హెడ్డాఫీసుకి చేరలేదు. అక్కడ ఆగి ఆఫీసరు ముక్కు తుడుచుకుంది. ఐదో గడి చదివింది. తలెత్తి ఒక్కపేజీ వంక చూసి, మళ్ళీ చదివింది. వెనక పేజీలు తిప్పి ఫిట్టరు వాక్యం మీద ఒక వేలు, రిపోర్టు వాక్యం మీద ఇంకో వేలు పెట్టి పోల్చుకుంది. నాలుగు నెలలూ అలాగే చూసింది.

"ఇది మీరేనా?" అంది.

"నేనేనండి."

"ఇలా కొట్టెయ్యమని మీకు ఎవరైనా చెప్పారా?"

మేనేజరు మొహం కాస్త తేటపడింది. ఆ ప్రశ్నకి జవాబు అతనికి తెలుసు.

"ఎవరూ చెప్పలేదు," అంది ఒక్కపేజీ. "చెప్పకుండానే కొట్టెయ్యడం నేర్చుకున్నాను. నేర్చుకున్నప్పుడల్లా షీల్డు ఇచ్చారు. ఎందుకిచ్చారో అడగాలంటే అది ఆరో ఎందుకండి. ఫారంలో దానికి గడి లేదు. మీరే అడగాలి."

షీల్డు మీద సంతకం హెడ్డాఫీసువాళ్ళది, బహుశా ఆఫీసరుకి తెలిసిన మనిషిదే. ఆవిడ పెన్ను తీసుకుని ఐదో గడి కింద, ఖాళీగా ఉన్న చోట, ఆరో గడికన్నట్టు తన చేత్తో ఒక గీత గీసింది. మేనేజరు వైపు తిరిగి, మిమ్మల్ని కూడా అడుగుతాను, ముందు ఫిట్టరుగారికి కుర్చీ వేయించండి అంది.

మధ్యాహ్నం రెండింటికి ఒక్కపేజీకి ఒక కాగితం ఇచ్చారు. విచారణ అయ్యేదాకా ఆఫీసుకి రానక్కర్లేదని. అలాంటిదే ఇంకొకటి మేనేజరుకి కూడా వెళ్ళిందని ప్యూను చెవిలో చెప్పాడు. సొంత నిర్లక్ష్యం అన్న మాట రికార్డులోకి ఎక్కలేదు, చెయ్యి బాగయ్యాక మడతలావిడకి పని ఉంటుంది. ఏం పనో, ఆ చేత్తో ఏం చేస్తుందో ఎవరూ రాయలేదు. సంచి సర్దుకుంటూ షీల్డుల్ని ఏం చెయ్యాలో తెలియక బల్ల మీదే వదిలేసింది.

ఆసుపత్రికి వెళ్ళేసరికి కూతురు డ్యూటీకి వెళ్ళిపోయింది. మడతలావిడ ఒక్కతే ఉంది. ఇవాళ దుప్పటి వేరేది. ఒక్కపేజీ స్టూలు మీద కూర్చుని, రిపోర్టు తెచ్చానక్కా అంది. మడతలావిడకి చదువు అంతంతమాత్రం. చదివి వినిపించమంది.

మొదటి గడి నుంచి చదివింది. మడతలావిడ కళ్ళు మూసుకుని వింటోంది. తన చెయ్యి అన్నచోట తలాడించింది. రోజూ చేసే పని అన్నచోట కూడా ఆడించింది. తీగ దగ్గర పళ్ళు నూరింది. ఐదో గడికి వచ్చాక కూడా ఒక్కపేజీ ఆగకుండా చదివింది. 'ఎందుకు చేరలేదు? చెయ్యి పడితే పోతుంది అని ఫిట్టరు రాసిన మాటను నాలుగుసార్లూ నేనే తీసేశాను. రిపోర్టు ఒక్క పేజీ దాటకూడదని, చదివేవాళ్ళకి ఇబ్బంది కలగకూడదని తీసేశాను.' కింద తన పేరు కూడా చదివింది.

మడతలావిడ కళ్ళు తెరిచింది. పక్క మంచం దగ్గర ఎవరో గ్లాసులో చెంచా తిప్పుతున్నారు.

"నాలుగుసార్లా?" అంది.

"నాలుగుసార్లక్కా."

క్షమించమని అడుగుదామని దారంతా అనుకుంటూ వచ్చింది. ఆ మొహం చూశాక ఆ మాట మానుకుంది. మడతలావిడ తిట్టలేదు, ఏడవలేదు. కట్టుకట్టిన చేతిని దిండు మీద కాస్త పైకి జరుపుకుంది.

"ఆ చివరిది మళ్ళీ చదువు."

చదివింది.

"ఇంకోసారి."

చదివింది. ఈసారి మధ్యలో తడబడి, మళ్ళీ అందుకుంది. మడతలావిడ ఆగమనలేదు. నీళ్ళు తాగమని కూడా అనలేదు. పైకప్పు వంక చూస్తూ, ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తోంది.

"ఇంకొక్కసారి," అంది.

నాలుగోసారి ఒక్కపేజీ కాగితం చూడకుండానే చెప్పింది.